ఉష్ణకాలమున తక్రనిషేధము – మన మజ్జిగ: పానీయవిధి విచారము

సుశ్రుతసంహిత సూత్రస్థానమున 45వ అధ్యాయమునకు ద్రవద్రవ్యవిధి యని పేరు. నీరు, పాలు, పెరుగు, మజ్జిగ, తేనె, చెఱకురసము మొదలైన ద్రవముల గుణదోషములు అందు వివరింపబడినవి. తక్రమును ఎంతయో మెచ్చుకొనిన ఆ గ్రంథమే దానిని ఈయరాని సందర్భములను కూడ చెప్పినది. క్షతము కలవానికి, దుర్బలునికి, మూర్ఛ, భ్రమ, దాహము, రక్తపిత్తము కలవారికి తక్రము నిషిద్ధము. ఇచట దాహమనగా ఒడలిమంట. తెలుగువారు వాడు దప్పిక యను అర్థము కాదు. ఈ పట్టికలోనే ఉష్ణకాలము కూడ చేరియున్నది.

ఇక కృష్ణాతీరపు ఆచారమును చూడుడు. ఇంద్రకీలాద్రికి పడమరగా, ప్రకాశం బ్యారేజికి ఎగువన ఉన్న భవానీపురమున గాని, విజయవాడలోని ఏ పేటలో గాని వేసవి వచ్చినదనగా చలివేంద్రములు వెలయును. అమరసింహుడు ప్రపయనియు పానీయశాలికయనియు పేర్కొన్నది వీనినే. అందు మంచినీటితో పాటు బాటసారికి పోయునది మజ్జిగయే. మే మాసములో ఎండ 45 డిగ్రీలను తాకిన దినములు ఈ నగరమునకు క్రొత్తవి కావు. సరిగా అట్టి దినములలోనే మనము మజ్జిగను ఆశ్రయించుచున్నాము. శాస్త్రము వలదన్న కాలముననే లోకము దానిని త్రాగుచున్నది. ఇందు శాస్త్రము తప్పా, ఆచారము తప్పా అను ప్రశ్న విద్యార్థులు అడుగదగినదే. అధ్యాపకులు సమాధానము చెప్పవలసినదే.

సమాధానము లక్షణ విచారమున ఉన్నది. మజ్జిగ అను ఒక్క తెలుగుమాటకు సంస్కృతమున పెక్కు పదములు కలవు. అవి పర్యాయపదములు కావు. అమరకోశము ప్రకారము నాలుగవ పాలు నీరు కలిసినది తక్రము; సగము నీరు కలిసినది ఉదశ్విత్తు; నీరు కలియనిది మథితము. ఈ భేదము వైద్యులు మాత్రమే కల్పించుకొన్నది కాదు. ఉదశ్విత్తులో సంస్కరింపబడిన భక్ష్యమునకు ఔదశ్విత్కము, ఔదశ్వితము అను రెండు రూపములను సాధించుటకు పాణిని చతుర్థాధ్యాయమున ప్రత్యేకముగా సూత్రమునే రచించినాడు. సుశ్రుతుని లక్షణము అమరునికంటె కొంత భిన్నము. చిలికి వెన్న తీసి, సగము నీరు చేర్చి, మిక్కిలి చిక్కగా గాని మిక్కిలి పలుచగా గాని లేనిది ఆయన మతమున తక్రము.

పదునాఱవ శతాబ్దివాడైన భావమిశ్రుడు భావప్రకాశమున ఈ విభాగమును ఐదు విధములుగా విస్తరించినాడు. మీగడతో, నీరు లేక చిలికినది ఘోలము. మీగడయు నీరును లేనిది మథితము. పాదజలము కలది తక్రము. అర్ధజలము కలది ఉదశ్విత్తు. సారము తీసివేసి, నీరు విస్తారముగా చేర్చగా తేటగా నుండునది ఛచ్ఛిక. ఛచ్ఛిక శీతలమనియు, లఘువనియు, పిత్తమును శ్రమను తృష్ణను హరించుననియు, ఉప్పు చేరినచో దీపనమనియు ఆయన వ్రాసినాడు.

కావున చలివేంద్రములలో మనము త్రాగునది సుశ్రుతుడు నిషేధించిన తక్రము కాదు. ఒక పాలు పెరుగునకు నాలుగైదు పాళ్ల నీరు పోసి, ఉప్పు, కరివేపాకు, అల్లము, నిమ్మరసము చేర్చిన ఆ పానీయము భావమిశ్రుని ఛచ్ఛికయే. నిషేధమునకు విషయము వేఱు, ఆచారమునకు విషయము వేఱు. కనుక విరోధము లేదు.

నేటి శరీరశాస్త్రమును బట్టి చూచినను ఇది పొసగును. చెమటతో శరీరమునుండి నీటితో పాటు ఉప్పు కూడ పోవును. ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ ఆ రెంటిని తిరిగి ఇచ్చును. అయితే రక్తపుపోటు కలవారు ఇందలి ఉప్పును మితము చేసికొనవలెను.

ఇచట మఱియొక జాగ్రత్త కలదు. దప్పిక తీర్చునది పోషించునని భ్రమపడరాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకటించిన ఆహారపదార్థముల పట్టికలలో 100 గ్రాముల ఆవుపెరుగునకు మాంసకృత్తులు 3.1 గ్రాములు, సున్నము 149 మిల్లీగ్రాములు. అంతే మజ్జిగకు మాంసకృత్తులు 0.8 గ్రాము, సున్నము 30 మిల్లీగ్రాములు. పిల్లవానికి పెరుగన్నము మాని నీళ్ల మజ్జిగతో అన్నము కలిపి పెట్టుట పోషణ కాజాలదు. సారహీనమను మాటలో భావమిశ్రుడు ఈ విషయమును సూచించియే యున్నాడు.

సారము నీటితో పోవుటకు ఈ ప్రాంతము ఎరిగిన కఠినమైన ఉదాహరణము గంజి. సిక్థములు లేనిది మండము, కొలదిగా ఉన్నది పేయ, అవియే అధికమైనది విలేపి యని మన వైద్యులు గంజిని కూడ విభజించి, రోగము తగ్గినవానికి పేయాది క్రమముగా ఆహారమును విధించినారు. మనము మాత్రము అన్నము వార్చి గంజిని పారబోసితిమి. మరబియ్యము వ్యాపించిన తరువాత ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి స్థిరపడినది. తవుడుతో పాటు థయమిన్ అను బి1 విటమిన్ మరలో పోయెను. మిగిలినది కడుగునీటను, గంజిలోను పోయెను. నానబెట్టి ఉడికించి దంచిన ఉప్పుడుబియ్యము తినువారిలో ఈ వ్యాధి అరుదు. ఏలయన ఆ పాకమున విటమిన్ గింజ లోపలికి ఇంకును. 1918లో కూనూరున మెక్కారిసన్ ఆరంభించిన బెరిబెరి పరిశోధనయే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది.

ఇక తేనీటి మాట. ప్రాచీన సంహితలలో టీ గాని కాఫీ గాని లేవు. లేనిదానిని శ్లోకములనుండి పిండుట పండితులకు తగదు. కాని శాస్త్రము చూపిన విచారమార్గము కలదు. భోజనమునకు ముందు త్రాగిన నీరు కృశింపజేయును, మధ్య త్రాగినది సమస్థితిలో ఉంచును, చివర త్రాగినది స్థూలత్వము నిచ్చునని వాగ్భటుడు చెప్పినాడు. నీరు ఒక్కటియే, కాలభేదమున ఫలభేదము. టీ విషయమున నేటి పరిశోధన తేల్చినదియు కాలమును గూర్చియే. టీ, కాఫీలలోని కషాయద్రవ్యములు ఆకుకూరలు, పప్పులు, ధాన్యములలోని ఇనుమును పట్టి, శరీరమునకు అందకుండ చేయును. అందువలన భోజనమునకు ముందు ఒక గంట, తరువాత ఒక గంట వీనిని మానవలెనని 2024లో ఆ సంస్థయే ప్రకటించిన ఆహార మార్గదర్శకములు చెప్పుచున్నవి. దినమునకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు మించరాదనియు వానిలో ఉన్నది. 150 మిల్లీలీటర్ల టీలో కెఫీన్ 30 నుండి 65 మిల్లీగ్రాములు, అంతే కాచిన కాఫీలో 80 నుండి 120 మిల్లీగ్రాములు ఉండును.

ఇది చిన్న విషయము కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో సగమునకు పైగా రక్తహీనత కలవారు. ఇంటిల్లిపాదికిని వడ్డించి, చివర తాను నాలుగు మెతుకులు తిని, వెంటనే టీ త్రాగు గృహిణి ఆ కొలది ఇనుమును కూడ పోగొట్టుకొనుచున్నది. టీ స్థానమున అన్నములో నిమ్మరసము పిండుకొన్నచో అదే ఇనుము అధికముగా ఒంటబట్టును.

మహాభాష్యమున ప్రసిద్ధమైన తక్రకౌండిన్యన్యాయము ఇచట ఉపకరించును. బ్రాహ్మణులకు పెరుగు విధింపబడినను, కౌండిన్యునికి తక్రము విధింపబడినందున అతనికి పెరుగు రాదు. విశేషవిధి సామాన్యవిధిని బాధించును. టీ సామాన్యముగా నిషిద్ధము కాదు. రక్తహీనత కలవారికి, గర్భిణులకు భోజనసమయమున అది నిషిద్ధము. సామాన్యమును మాత్రమే చదివి విశేషమును విడుచుట వ్యాకరణమున ఎంత దోషమో ఆరోగ్యమునను అంతే.

తీపి పానీయములకును ఇదే విచారము. బెల్లపు పానకము గురువని సుశ్రుతుడు చెప్పినాడు. మనవారు దానిని శ్రీరామనవమికి మిరియము, ఏలకి చేర్చి చిన్న గ్లాసుతో ఇచ్చినారు. పెద్దలు దినమునకు చేర్చుకొను చక్కెర సుమారు 25 గ్రాములకు లోబడుట మేలని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. 300 మిల్లీలీటర్ల శీతలపానీయపు సీసా ఒక్కటియే సుమారు 30 గ్రాములు ఇచ్చును. చెఱకురసము సహజమైనదన్న మాత్రమున దీనికి మినహాయింపు కాదు. 100 మిల్లీలీటర్లలో 13 నుండి 15 గ్రాముల చక్కెర కలదు.

ఈ విచారమువలన తేలినది ఇది: ఏ పానీయమును తన పేరును బట్టి పథ్యముగాని అపథ్యముగాని కాదు. నీటి పాలు, త్రాగు వేళ, కూడు అన్నము, త్రాగువాని స్థితి, ఈ నాలుగును తెలిసిన పిదపనే నిర్ణయము. ద్రవద్రవ్యవిధిని బోధించునపుడు లక్షణములను వల్లె వేయించుటతో ఆగక, మజ్జిగ కొలతలను విద్యార్థులచే చేయించి చూపవచ్చును. వసతిగృహములలో భోజనము ముగియగానే టీ పోయు అలవాటును ఒక గంట జరుపవచ్చును. దీనికి వ్యయము లేదు.