చేతిలో పని ఉంటే చాలునా? – డిగ్రీతో పాటు వ్యాపార విద్య



ఇంటరు ఫలితాలు వచ్చిన నాటి నుండి కాలేజీలు తెరిచే వరకు మా వంటి పాస్టర్ల ఇళ్లకు వచ్చే తలిదండ్రుల ప్రశ్న దాదాపు ఒక్కటే. "అయ్యగారూ, ఏ కోర్సులో చేర్పిస్తే ఉద్యోగం వస్తుంది?" ఈ ప్రశ్నలో తప్పేమీ లేదు. పొలాల్లో కూలి చేసిన తాతల తరువాత, మిషను బడుల పుణ్యమా అని టీచర్లు, నర్సులు, గుమాస్తాలు అయిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ కుటుంబాలకు నెల జీతమే దేవుడిచ్చిన భద్రత.

అయితే ఇటీవల మరొక ప్రశ్న కూడా వినబడుతోంది. "అమ్మాయి బి.ఎస్సీ. చదువుతూ ఎంట్రప్రెన్యూర్‌షిప్ మైనరు తీసుకుంటానంటోంది. అది వ్యాపారం కదండీ, మనకెందుకు?" ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయరాదు. ఈ నెల దీనిని గురించి ఆలోచిద్దాం.

మైనరు అంటే ఏమిటి?

విద్యార్థి ముఖ్యంగా చదివే శాస్త్రం మేజరు. దానికి తోడుగా, కొంత తక్కువ మోతాదులో చదివే మరొక శాస్త్రం మైనరు. 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం తరువాత, యు.జి.సి. 2022 డిసెంబరులో ఒక చట్రాన్ని ప్రకటించింది. దాని ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, అందులో కనీసం 24 మైనరుకు. నాలుగేళ్ల డిగ్రీకి 160 క్రెడిట్లు, అందులో కనీసం 32 మైనరుకు. ఇంజనీరింగులో పద్ధతి వేరు. అక్కడ మామూలు చదువు మీద అదనంగా 18 నుండి 20 క్రెడిట్లు సంపాదిస్తే మైనరు ఇస్తారు. ఎంట్రప్రెన్యూర్‌షిప్ మైనరుకు ఏ.ఐ.సి.టి.ఇ. ఒక నమూనా పాఠ్యప్రణాళికను కూడా తయారు చేసింది.

ఇది కామర్సు పిల్లలకు మాత్రమే ఉద్దేశించిన చదువు కాదు. ఈ విద్య పుట్టింది వ్యాపార కళాశాలలోనే. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు తిరిగివచ్చిన రోజుల్లో, 1947లో, అమెరికాలోని హార్వర్డులో మైల్స్ మేస్ అనే ఆచార్యుడు 188 మంది విద్యార్థులకు మొదటిసారి ఈ పాఠం చెప్పాడు. చాలాకాలం అది వ్యాపార విభాగపు గోడల మధ్యనే ఉండిపోయింది. 2003లో కౌఫ్‌మన్ ఫౌండేషన్ అనే సంస్థ ఎనిమిది విశ్వవిద్యాలయాలకు 2.5 కోట్ల డాలర్లు ఇచ్చి, ఈ విద్యను అన్ని విభాగాల విద్యార్థులకూ అందించమని కోరింది. వాటిలో బాప్టిస్టులు స్థాపించిన వేక్ ఫారెస్ట్ కూడా ఒకటి. సంగీతం, చరిత్ర, జీవశాస్త్రం చదివేవారికి కూడా ఇది అవసరమనే ఆలోచన ఆ విధంగా బలపడింది.

నరసాపురం చెప్పే పాఠం

ఎందుకు అవసరమో తెలుసుకోవడానికి అమెరికా దాకా వెళ్లనక్కరలేదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చాలు. 19వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన మిషనరీ కుటుంబాల స్త్రీలు పేద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. కరవు రోజుల్లో నాలుగు మెతుకులు దొరకాలన్నదే వారి ఉద్దేశం. ఆ పని ఇతర కులాల స్త్రీలకు కూడా పాకింది. ఆ లేసు సముద్రాలు దాటి ఐరోపా, అమెరికా ఇళ్ల బల్లల మీద పరచుకుంది.

అల్లినవారి సంగతి ఏమైంది? మరియా మీస్ అనే జర్మనీ సామాజిక శాస్త్రవేత్త అక్కడ పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. దారం తెచ్చి ఇచ్చేది ఏజెంటు. అల్లిన ముక్కకు ఇంత అని లెక్కగట్టేది ఏజెంటే. సరుకు ఎక్కడికి పోతుందో, అక్కడ ఎంతకు అమ్ముడుపోతుందో అల్లిన స్త్రీకి తెలియదు. గంటల తరబడి కళ్లు పొడుచుకుని అల్లినా ఆమెకు దక్కింది కూలి రేటు కన్నా బాగా తక్కువ. పైగా, ఇంట్లో ఖాళీగా ఉండి తోచుబాటుకు చేసుకునే పని అని దానికి పేరు! ఎగుమతి చేసిన వర్తకులు మాత్రం మేడలు కట్టారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. కానీ ఆ పేరు వల్ల వచ్చే లాభం అల్లేవారికి చేరాలంటే, లెక్క తెలిసినవారు వారి మధ్య నుండే లేవాలి.

మిషనరీ తల్లులు మన స్త్రీల చేతికి పని ఇచ్చారు. ఆ మేలు మరువరాదు. అయితే సూది పట్టడం తెలిసి బజారు తెలియకపోతే, కష్టం ఒకరిది, ఫలం మరొకరిది అవుతుంది. మన ఇళ్లలో కుట్టుపని తెలిసిన తల్లులు, బొమ్మలు గీసే పిల్లలు, కీబోర్డు వాయించే యువకులు, మొక్కల జబ్బులు గుర్తించగల బోటనీ విద్యార్థులు ఉన్నారు. వీరందరికీ ఈ మాట వర్తిస్తుంది.

తరగతిలో ఏమి నేర్పుతారు?

ఒక ఉదాహరణ చూద్దాం. హోంసైన్సు చదివే అమ్మాయి పచ్చళ్లు పెట్టి అమ్మాలనుకుంది. సీసా ధర 200 రూపాయలు. సరుకులకు, సీసాకు కలిపి 130. మిగిలేది 70. గది అద్దె, సహాయకురాలి జీతం కలిపి నెలకు 14,000. అంటే నెలకు 200 సీసాలు అమ్మితేనే ఖర్చు గట్టెక్కుతుంది. 201వ సీసా నుండే లాభం. ఆ చుట్టుపక్కల నెలకు 200 సీసాలు కొనేవారు ఉన్నారా? ముందు వెళ్లి పదిమందిని అడగాలి. ఆహార పదార్థాలు అమ్మడానికి ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. నమోదు కావాలి. బ్యాంకుకు చూపడానికి ఖాతా పుస్తకం కావాలి. ఇవన్నీ ఈ మైనరులో నేర్పే సంగతులు. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలని మన ప్రభువు చెప్పినది కూడా ఇదే గదా (లూకా 14:28).

లేఖనాల వెలుగులో

వ్యాపారమంటేనే లోకసంబంధమని భయపడేవారు లూదియను జ్ఞాపకం చేసుకోవాలి. ఊదారంగు పొడి అమ్మిన ఆ స్త్రీ ఇల్లే ఫిలిప్పీ సంఘానికి ఆశ్రయమైంది (అపొ. కార్య. 16:14, 15, 40). పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు (అపొ. కార్య. 18:3). సామెతలు 31లోని గుణవతి పొలమును చూచి, ఆలోచించి కొన్నది.

అయితే మరొక ప్రక్క కూడా ఉంది. ధనవంతులు కాగోరేవారు ఉరిలో పడతారని పౌలు తిమోతిని హెచ్చరించాడు (1 తిమోతి 6:9). దొంగత్రాసు యెహోవాకు అసహ్యమని సామెతలు చెబుతున్నది (11:1). విశ్వాసముంటే వ్యాపారంలో నష్టమే రాదని చెప్పే బోధ వాక్యానుసారమైనది కాదు. భక్తిగలవారి దుకాణాలు కూడా మూతపడతాయి.

తలిదండ్రులకు కొన్ని మాటలు

ఈ మైనరు చదివినంత మాత్రాన వెంటనే దుకాణం పెట్టాలని నియమం లేదు. ఉద్యోగంలో చేరినవారికి కూడా లెక్క చూడడం, నలుగురిని కలుపుకుని పనిచేయడం ఉపయోగపడతాయి. ఇంట్లో మొదటి డిగ్రీ సంపాదిస్తున్న బిడ్డ మీద కుటుంబమంతా ఆధారపడి ఉంటే ముందు ఉద్యోగమే చూసుకోనివ్వండి. నేర్చినది ఎక్కడికీ పోదు. ఇల్లు తాకట్టు పెట్టి, అధిక వడ్డీకి అప్పు తెచ్చి ప్రారంభించే పనిని మేము ప్రోత్సహించలేము. చేరకముందే కాలేజీలో ఈ మైనరు నిజంగా ఉన్నదో లేదో, బోధించేవారు ఉన్నారో లేదో విచారించండి. ఇంజనీరింగు పిల్లలకు ఇది అదనపు భారం గనుక, మేజరులోనే సబ్జెక్టులు మిగిలిపోయి ఉంటే ముందు వాటిని గట్టెక్కించడం మంచిది.

సంఘం కూడా చేయగలిగింది ఉంది. బేకరీ నడిపే సహోదరుని, టైలరింగు షాపు పెట్టుకున్న సహోదరిని యౌవనస్థుల కూడికకు పిలిచి, లాభం సంగతితో పాటు నష్టపోయిన సంగతి కూడా చెప్పించవచ్చు. సంఘపు లెక్కలు రాసే కోశాధికారి పక్కన ఇద్దరు విద్యార్థులను కూర్చోబెట్టవచ్చు.

తలాంతును భూమిలో దాచినవానిని యజమానుడు గద్దించాడు (మత్తయి 25:24-27). వాడు దొంగిలించలేదు, దుబారా చేయలేదు, భయపడ్డాడు, అంతే. మన పిల్లల చేతిలో దేవుడుంచిన దానిని మన భయంతో పాతిపెట్టకుందము. నమ్మకముగా లెక్క చెప్పగల జ్ఞానము ప్రభువు వారికి దయచేయును గాక! ఆమేన్.