అప్పుల పట్టికలో శీర్షికల వరుస

సంఘపు అప్పుల పట్టికను మైక్రోసాఫ్టు వర్డులో వ్రాసినప్పుడు అది రెండవ పుటకు సాగినచో, అచట “అసలు, వడ్డీ, బాకీ” అను శీర్షికలు కానరావు. అందువలన వడ్డీని అసలుగా భ్రమించుట సంభవించును.

ఆ శీర్షికలను రెండవ పుటలో మరల వ్రాయుట మేలు గాదు. పైన నొక పేరు చేరినంతనే అవి పుట నడిమికి జారును. మొదటి వరుసలో కర్సరు నుంచి, టేబుల్ ప్రాపర్టీస్ నందలి ‘రో’ భాగమున ‘రిపీట్ యాజ్ హెడర్ రో’ అనుదానికి గుర్తు పెట్టవలెను. పిమ్మట పట్టిక నంతయు ఎంచుకొని, అచటనే ‘అలౌ రో టు బ్రేక్ అక్రాస్ పేజెస్’ గుర్తును తీసివేసినచో, ఒక సభ్యుని లెక్క రెండు పుటలకు చీలదు.

అప్పటికిని శీర్షిక రానియెడల, ‘టేబుల్’ భాగమున టెక్స్ట్ ర్యాపింగును ‘నన్’ చేయవలెను. పట్టిక నడుమ చేతితో పెట్టిన పేజీ బ్రేకును తొలగింపవలెను.

గుమాస్తాగారికి ఈ ఉపాయము తెలిపి, రెండవ పుటను శీర్షికలతో సరిచూచుకొనిన పిమ్మటనే సంతకము చేయుడు.