ప్రాథమిక తొలి తరగతుల్లో చేతిపని కృత్యాలు: రూపకల్పన, నిర్వహణ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• చేతిపని కృత్యానికీ, చేతులకు మాత్రమే పని చెప్పే కాలక్షేపానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• అనుభవం, మాట, చిత్రం, చిహ్నం అనే నాలుగు మెట్లలో ఒక కృత్యాన్ని రూపొందించగలుగుతారు.
• స్థానికంగా దొరికే వస్తువులతో గణిత, భాషా కృత్యాలు నిర్వహించగలుగుతారు.
• రెండు తరగతులు ఒకే గదిలో ఉన్నప్పుడు సమయాన్ని సర్దుకోగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

బాన్సువాడ దగ్గర ఒక పల్లెలోని ప్రాథమిక పాఠశాలను ఊహించుకోండి. ఒకే గదిలో 1, 2 తరగతుల పిల్లలు 22 మంది ఉన్నారు. కొందరి ఇంటి భాష తెలుగు, కొందరిది ఉర్దూ, మరికొందరిది లంబాడీ. బడి దాటితే నిజాంసాగర్ కాలువ కింద సాగయ్యే వరి పొలాలు. వడ్లు ఆరబోయడం, కుప్ప చేయడం, సంచికి ఎత్తడం ఈ పిల్లలు కళ్లారా చూసినవే, చేతులు పెట్టినవే. అయినా "ఏది ఎక్కువ? ఎంత ఎక్కువ?" అని పలక మీద అడిగితే తడబడతారు. చేతికి తెలిసింది పలక మీదికి ఎందుకు రావడం లేదు? ఈ పాఠమంతా ఆ ప్రశ్నకు సమాధానమే.

2. నేపథ్యం

చిన్న పిల్లలు చేతులతో నేర్చుకుంటారన్న ఆలోచన కొత్తది కాదు. ఫ్రోబెల్ 1837లో జర్మనీలో ప్రారంభించిన సంస్థే తర్వాత కిండర్‌గార్టెన్‌గా పేరు పొందింది. మన దేశంలో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం స్థాపించారు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో గాంధీజీ చేతిపనిని చదువుకు కేంద్రంగా ఉంచాలని కోరారు.

తెలుగు నేల మీద ఈ ఆలోచనను మామూలు సర్కారు బడి దాకా తెచ్చింది 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో నడిచిన ఈ పథకాన్ని ఉపాధ్యాయులు 'ఏపీపెప్' అని పిలిచేవారు. దానికి ఆరు సూత్రాలు ఉండేవి: ఉపాధ్యాయుడు తానే అభ్యసన కృత్యాలు తయారు చేయడం, చేస్తూ, కనుగొంటూ, ప్రయోగం చేస్తూ నేర్చుకోనివ్వడం, వ్యక్తిగత, జట్టు, పూర్తి తరగతి పనులు మూడూ ఉండడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, స్థానిక పరిసరాలను వాడడం, పిల్లల పనులను ప్రదర్శించి తరగతి గదిని ఆసక్తికరంగా ఉంచడం.

ఇటీవలి కార్యక్రమాలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. 2021 జూలై 5న కేంద్రం నిపుణ్ భారత్‌ను, 2022 ఆగస్టులో తెలంగాణ 1 నుంచి 5 తరగతులకు 'తొలిమెట్టు'ను ప్రారంభించాయి. 2022 అక్టోబరులో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆటనూ, చేతిపనినీ ప్రధాన మార్గాలుగా చెప్పింది.

3. కృత్యం ఎప్పుడు వట్టిపోతుంది?

పైన చెప్పిన ఆరు సూత్రాలలో చివరిది, అంటే ప్రదర్శన, కంటికి కనిపించేది. కనుక అది తొందరగా అమలయింది. మిగిలినవి వెనకబడ్డాయి. ఈ తప్పు నేనూ చేశాను. 1990 ప్రాంతంలో ఒక పల్లె బడిలో కుందేలు బొమ్మలు గీసి పిల్లలకు పంచి, వాటిపై దూది అతికించమన్నాను. ఒక పిల్లవాడు దూది వదిలేసి గోనెసంచి పీచు అతికించాడు. నేను ఆ పీచు పీకేసి దూది పెట్టించాను. దారానికి కట్టిన 30 తెల్ల కుందేళ్లను చూసి తనిఖీకి వచ్చినవారు మెచ్చుకున్నారు. మర్నాడు ఆ పిల్లవాడు, "మా చేన్ల కుందేలు గోనె రంగుల ఉంటది సార్, తెల్లగుండదు" అన్నాడు. ఆ గదిలో ఆలోచించి పని చేసిన ఒక్క చేతిని నేను సరిదిద్దానని అప్పుడు అర్థమైంది.

దీని నుంచి ఒక సులువైన పరీక్ష తయారు చేసుకోవచ్చు. గోడ మీద ఉన్న పిల్లల పనులన్నీ ఒకేలా ఉంటే అవి పిల్లల పనులు కావు, ఉపాధ్యాయుడి పనులు. పిల్లవాడు ఎంచుకోవడానికి, ఊహించడానికి, పొరపడడానికి వీలున్నదే కృత్యం. అతికించడం, కత్తిరించడం, రంగు వేయడం వేలికి నైపుణ్యం ఇస్తాయి. అవి కూడా అవసరమే. కాని వాటితోనే భావన ఏర్పడదు.

4. నాలుగు మెట్లు

చిన్న పిల్లలకు గణితం నేర్పడానికి పునాది దశ చట్రం నాలుగు మెట్లు సూచిస్తుంది: అనుభవం, మాట, చిత్రం, చిహ్నం. పిల్లవాడు మొదట వస్తువుతో పని చేస్తాడు. తర్వాత తాను చేసింది చెబుతాడు. ఆ తర్వాత బొమ్మ గీస్తాడు. చివరికి అంకె లేదా అక్షరం రాస్తాడు. మన తరగతుల్లో తరచుగా జారిపోయేది రెండో మెట్టు. పని అయిపోగానే "ఇక రాయండి" అంటాం. చేతికి, పలకకు మధ్య వంతెన మాటే. అది లేకపోతే వడ్లు కొలిచిన చేయి వేరుగా, లెక్క రాసే చేయి వేరుగా మిగిలిపోతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
మీరు చూసిన ఏదైనా ఒక తరగతి గది కృత్యాన్ని గుర్తు చేసుకోండి. అందులో పై నాలుగు మెట్లలో ఏవి ఉన్నాయి? ఏది లోపించింది?

5. మూడు నమూనా కృత్యాలు

5.1 వడ్ల కొలత

కావలసినవి: రెండు మూడు కిలోల వడ్లు, ఒక పొడుగాటి గ్లాసు, ఒక వెడల్పాటి గిన్నె, ఒక చిన్న కప్పు, కింద పరచడానికి బొంత లేదా గోనెసంచి. వీలైతే ఎవరింట్లోనైనా ఉన్న సోల, తవ్వ, మానిక తెప్పించండి.

కప్పుతో నాలుగుసార్లు గ్లాసులో, నాలుగుసార్లు గిన్నెలో పిల్లల చేతనే పోయించండి. "ఎందులో ఎక్కువున్నాయి?" అని అడగండి. "పొడుగున్న దాంట్లనే" అని చాలామంది అంటారు. వెంటనే దిద్దకండి. ఈ వయసు పిల్లలు ఎత్తును చూసి పరిమాణాన్ని నిర్ణయిస్తారని పియాజే వివరించారు. "ఎట్లా తెలుసుకుందాం బిడ్డా?" అని అడిగి ఆగండి. తిరిగి కప్పుతో కొలుద్దామన్న ఉపాయం పిల్లల నుంచే రానివ్వండి. కొలిచాక కూడా కొందరు నమ్మకపోవచ్చు. మరోసారి కొలవనివ్వండి. నమ్మించడం మీ పని కాదు, కొలిచే అవకాశం ఇవ్వడమే మీ పని.

రెండో తరగతి పిల్లలకు సోల, తవ్వ, మానిక ఇవ్వండి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని వారే కనుక్కుంటారు. రెట్టింపు, సగం అన్న భావనలకు ఇంతకంటే మంచి ఉపకరణం కొన్నా దొరకదు. పాత పాత్రలు అరిగి, సొట్టపడి ఉంటే లెక్క కొంచెం తేడా రావచ్చు. అదీ మాట్లాడుకోవలసిన విషయమే. చిన్న పిల్లలు గింజలు ముక్కులో, చెవిలో పెట్టుకోకుండా చూసుకోండి. పని ముగిశాక గింజలు ఏరి సంచిలో పోయడం కూడా కృత్యంలో భాగమే.

5.2 చింతపిక్కలు

అష్టాచెమ్మా ఆడే ఇళ్లలో చింతపిక్కలను ఒకవైపు అరగదీసి పాచికలుగా వాడతారు. ఒకవైపు తెలుపు, మరోవైపు నలుపు. జట్టుకు అలాంటి పిక్కలు ఐదు ఇవ్వండి. వేసినప్పుడల్లా తెల్లవి ఎన్ని, నల్లవి ఎన్ని పడ్డాయో పెద్దగా చెప్పమనండి. తర్వాత పలక మీద ఐదు సున్నాలు చుట్టి, నల్లవి పడినన్ని నింపమనండి. చివరగా 2 + 3 = 5 అని రాయించండి.

"ఐదు ఎన్ని రకాలుగా పడుతుంది?" అన్నది అసలు ప్రశ్న. తెల్లవి 0 నుంచి 5 దాకా, మొత్తం ఆరు రకాలు. పిల్లలు మొదట నాలుగో, ఐదో కనుక్కుంటారు. అన్నీ తెల్లవే పడడం అరుదు కాబట్టి అది ఆలస్యంగా వస్తుంది. అలా పడిన రోజు తరగతిలో కేకలు వినిపిస్తాయి. సున్నాకు అర్థం తెలిసేది అప్పుడే. రెండో తరగతికి ఇదే ఆటను 10 పిక్కలతో ఆడించండి.

5.3 మట్టి ఎడ్లు

ఈ ప్రాంతంలో పొలాల అమావాస్యకు ఎడ్లను అలంకరించి పూజించడం పిల్లలకు తెలిసిన వేడుక. ఆ రోజుల్లో తడి మట్టి తెప్పించి, ప్రతి ఒక్కరినీ తమకు తెలిసిన జంతువును చేయమనండి. నమూనా బొమ్మ చూపించకండి. చేస్తున్నంతసేపు పిల్లలు మాట్లాడుకునే మాటలు వినండి. ఒకరు ఎద్దు అంటారు, ఉర్దూ మాట్లాడే పిల్ల బైల్ అంటుంది, తండా నుంచి వచ్చిన పిల్లవాడు తన మాట చెబుతాడు. మూడింటినీ నల్లబల్ల మీద తెలుగు లిపిలో రాయండి. తన ఇంటి మాట నల్లబల్ల ఎక్కిన పిల్లవాడు మర్నాడు నోరు విప్పుతాడు.

తర్వాత ప్రతి బొమ్మ గురించి ఒక వాక్యం చెప్పించి, వారి మాటల్లోనే చీటీ మీద రాసి బొమ్మ ముందు పెట్టండి. "మా ఎద్దుకు ఒక కొమ్ము ఇరిగింది" అంటే 'విరిగింది' అని మార్చకండి. తాను చెప్పిన వాక్యం కనుక పిల్లవాడు దాన్ని తొందరగా గుర్తుపట్టి చదువుతాడు. ప్రామాణిక రూపం పాఠ్యపుస్తకంలో ఎలాగూ వస్తుంది.

ఇదే పద్ధతిలో, దసరా సెలవులకు ముందు బడిలో పేర్చే బతుకమ్మను పెద్ద వలయం నుంచి చిన్న వలయానికి వెళ్లే క్రమానికీ, తంగేడు, గునుగు, బంతి రంగుల వరసకూ ఉపయోగించుకోవచ్చు.

6. రెండు తరగతుల గదిలో నిర్వహణ

40 నిమిషాల పీరియడ్‌ను ఇలా విభజించుకోండి. మొదటి 5 నిమిషాలు అందరికీ కలిపి ప్రశ్న వేయండి. తర్వాత 15 నిమిషాలు నలుగురైదుగురు ఉన్న జట్లలో పని. ప్రతి జట్టులో రెండు తరగతుల పిల్లలూ ఉండాలి. తర్వాత 10 నిమిషాలు జట్టుకు ఒకరు చొప్పున చెప్పాలి. చివరి 10 నిమిషాల్లో ఒకటో తరగతి బొమ్మ గీస్తుంది, రెండో తరగతి అంకెల్లో లేదా వాక్యంలో రాస్తుంది. సమయం చాలకపోతే రాత తగ్గించండి, మాట తగ్గించకండి.

వారానికి రెండు కృత్యాలు చాలు. రోజుకొకటి మొక్కుబడిగా చేసేకన్నా ఒకే కృత్యాన్ని మార్పులతో మూడుసార్లు చేయడం మేలు.

7. మూల్యాంకనం, తల్లిదండ్రులు

కృత్యం బాగా జరిగిందా అన్నది తయారైన వస్తువును చూసి చెప్పలేం. రోజుకు నలుగురు పిల్లలను ఎంచుకుని మూడు విషయాలు నోటుబుక్కులో రాసుకోండి: ముందుగా ఏమి ఊహించారు? ఏమి చేశారు? ఏమి చెప్పారు? ఆరు రోజుల్లో గది మొత్తం పూర్తవుతుంది.

"బడికి పంపితే మట్టిలో ఆడిస్తున్నరా?" అని తల్లిదండ్రులు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. కూలి వదులుకుని పిల్లను బడికి తెచ్చే తల్లికి ఆ హక్కు ఉంది. వాదించకండి. పిల్ల చేత చింతపిక్కలు వేయించి, లెక్క చెప్పించి, రాయించి చూపించండి. అలా చూపించలేకపోతే లోపం తల్లిది కాదు, మన కృత్యానిది.

8. సారాంశం

చేతిపని కృత్యానికి ఖరీదైన సామగ్రి అవసరం లేదు. దానికి ఒక ప్రశ్న, పిల్లలు ఎంచుకునే స్వేచ్ఛ, చేసినదాన్ని చెప్పే సమయం అవసరం. అనుభవం, మాట, చిత్రం, చిహ్నం అనే నాలుగు మెట్లు పూర్తయినప్పుడే చేతికి తెలిసింది పలక మీదికి వస్తుంది. ఎవరైనా గోనె పీచుతో కుందేలును చేస్తే, దూది చేతికిచ్చే ముందు కారణం అడగండి.

మాదిరి ప్రశ్నలు

1. ఏపీపెప్ ఆరు సూత్రాలను పేర్కొని, వాటిలో ఏది మీ ప్రాంతపు బడుల్లో బాగా అమలవుతున్నదో చర్చించండి.
2. కృత్యంలో 'మాట' మెట్టు జారిపోతే కలిగే నష్టాన్ని ఒక ఉదాహరణతో వివరించండి.
3. మీ ఇంట్లో లేదా ఊళ్లో దొరికే ఒక వస్తువును ఎంచుకుని, 2వ తరగతికి నాలుగు మెట్లలో ఒక కృత్యాన్ని రూపొందించండి. దాన్ని కనీసం ఇద్దరు పిల్లలతో చేయించి, వారు చెప్పిన మాటలను ఉన్నదున్నట్లుగా రాయండి.