చలికాలపు పక్షులు తగ్గిపోతున్నాయా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాటి విజయవాడ రహదారి పట్టుకుంటే, వనస్థలిపురం చెంత ముళ్లపొదలతో నిండిన అడవి కనిపిస్తుంది. అదే మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాం వేట ప్రదేశమైన ఈ 14.59 చదరపు కిలోమీటర్ల నేల నేడు జాతీయ ఉద్యానవనం. కృష్ణజింకలకు పేరుపొందిన ఈ అడవి చలికాలంలో దూరదేశపు పక్షులకూ ఆశ్రయమిస్తుంది. హిమాలయ సానువుల్లోనూ, అంతకంటే ఉత్తరానా గూళ్లు కట్టుకునే ఎర్రగొంతు ఈగపట్టు పిట్ట, ఆకుల మాటున పురుగులను ఏరుకునే వార్బ్లర్ వంటివి ఇక్కడికి వస్తాయి. వీటిలో కొన్ని పది గ్రాములైనా తూగవు.

ఇవి మునుపటిలా రావడం లేదని పెద్దలు అంటుంటారు. అది నిజమో కాదో తేల్చడానికి ఒక్క ఏడాది అనుభవం చాలదు. గూళ్లు కట్టే చోట వాతావరణం అనుకూలించకపోతే ఆ ఏడు తక్కువ రావచ్చు. మరుసటి ఏడు మళ్లీ పెరగవచ్చు. ఏళ్ల తరబడి రాసి ఉంచిన లెక్కలే అసలు సంగతి చెప్పగలవు.

మన ప్రాంతంలో ఆ పనికి గట్టి పునాది వేసినవాడు సలీం అలీ. 1896లో ముంబైలో జన్మించి, పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ ఇంట పెరిగిన ఆయన, 1931-32లో నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాద్ సంస్థానంలోని పక్షులను సర్వే చేశారు. ఏ పక్షి ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో నమోదు చేశారు.

2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక ఇలాంటి ఓపికకు ఫలితమే. సుమారు 30 వేల మంది పంపిన పరిశీలనలను అందులో క్రోడీకరించారు. దీర్ఘకాలపు ధోరణి తేలిన 338 జాతుల్లో 60 శాతం తగ్గాయి. దూరం నుంచి వలస వచ్చేవి, అడవినే నమ్ముకున్నవి, పురుగులు తినేవి ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఈ మూడు లక్షణాలూ ఉన్న పక్షికి ముప్పు మూడు వైపుల నుంచీ ఉంటుంది. కోకిల, నెమలి వంటివి మాత్రం పెరిగాయి. కనుక పక్షుల కిలకిలలు వినబడుతున్నంత మాత్రాన అన్నీ క్షేమమని అనుకోరాదు.

ఈ లెక్కలో మన కుటుంబాలూ పాలుపంచుకోవచ్చు. ఫజ్ర్ నమాజు తరువాతి వేళ పక్షులు చురుకుగా తిరిగే సమయం. వారానికొకసారి పిల్లలతో కలిసి సరూర్‌నగర్ చెరువు గట్టునో, కాలనీ పార్కులోనో పదిహేను నిమిషాలు గడపండి. అరుదైనవాటినే కాక, కాకితో సహా గుర్తించిన ప్రతి పక్షినీ తేదీ, సమయంతో రాయండి. చోటు, వ్యవధి మారకుంటేనే ఒక ఏడాదిని మరొక ఏడాదితో పోల్చగలం. ఇంటి ముందరి వేపచెట్టును నిలుపుకోవడం, పురుగుమందు తగ్గించడం కూడా ఆ అతిథులకు మేలే.

సలీం అలీ తొంభై ఏళ్ల క్రితం రాసిపెట్టినందువల్లనే ఆనాటి పక్షుల సంగతి మనకు తెలిసింది. ఈనాటిది రేపటివారికి తెలియాలంటే మనం రాయాలి.