ఎలపటెద్దు జారిన రోజు

పందేలంటే మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకులే అని ఈ పేజీ తిప్పేయకండి. బండ లాగే ఎద్దులకు నెలల తరబడి ఉలవలు ఉడికించేదెవరు? కోడి కూయక ముందే లేచి పేడ తీసి, కుడితి పెట్టేదెవరు? ఈ పూట ఎద్దు మేత సగంలో వదిలేసిందే అని ముందుగా కనిపెట్టేదెవరు? మైకులో మాత్రం "ఫలానా ఊరు, ఫలానా వారి ఎద్దులు" అని యజమాని పేరే చదువుతారు. అది వేరే సంగతి అనుకోండి.

మా పుట్టిల్లు పెనుకొండ దగ్గర పల్లె. నన్ను హిందూపురంలో ఇచ్చారు, మా చెల్లెల్ని ధర్మవరంలో మగ్గాలున్న ఇంటికిచ్చారు. ఈ మూడూ 2022 దాకా అనంతపురం జిల్లానే, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరేదైనా నేల అదే, వాన కరువూ అదే.

ఆ పాత పందేలన్నీ నాకు ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చాయంటే, బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి పండక్కి వచ్చినప్పుడు ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఎక్కడో చలిదేశం. అడవిలో సన్నటి దారి, దారంతా బురద. నాలుగు కుక్కలు మూడు చక్రాల బండిని లాక్కుని పరిగెడుతున్నాయి. బండి మీద నిలబడ్డ మనిషి తల నుంచి కాళ్ళ దాకా బురదే. మంచు మీద బండ్లు లాగే కుక్కలకు మంచు పడని నెలల్లో ఇలా మట్టి దారుల్లో పందేలు పెడతారట. ఆ మనిషి చేతిలో పగ్గాలు లేవు. నోటిమాటే పగ్గం. "జీ" అంటే కుడికి, "హా" అంటే ఎడమకి. ఈ కేకలు ఆ దేశాల్లో ఎద్దులు, గుర్రాలు తోలేవాళ్ళు వాడేవేనని వాడు చెబితే నాకు నవ్వొచ్చింది. ఎద్దును తోలే కేకలు కుక్కల దాకా పోయాయన్నమాట!

కుక్కకు మనకు మాదిరి ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి చల్లబడే దారి. అందుకని ఈ పందేలు చలికాలం మొదట్లో, పొద్దున పూట పెడతారు. ఎండ కాస్త ముదిరితే దూరం తగ్గిస్తారు, మరీ ఎక్కువైతే పందెమే ఆపేస్తారు. ఈ మాట దగ్గర నా మనసు మా నాయన ఎద్దుల మీదకు పోయింది.

తెలియనివాళ్ళకు చెబుతాను. బండలాగుడు అంటే రాయలసీమలో సంక్రాంతికి, ఉగాదికి, ఊరి జాతరలకు జరిగే పందెం. నేల మీద పొడవాటి రాతిబండ. దానికి ఒక ఎద్దుల జత. పెట్టిన టైములో బండను ఆ కొస నుంచి ఈ కొసకు, మళ్ళీ ఈ కొస నుంచి ఆ కొసకు ఏ జత ఎక్కువ దూరం లాగితే దానికి బహుమానం. దూరాన్ని అడుగుల్లో కొలుస్తారు. ఎద్దు వయసు దాని పళ్ళలో తెలుస్తుంది కాబట్టి పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు చేస్తారు. పెద్ద ఎద్దులకు కట్టే బండ టన్ను దాటుతుంది. కాడికి కుడివైపు ఎద్దును ఎలపటెద్దు అంటాం, ఎడమవైపుది దాపటెద్దు. కొన్నాళ్ళు అలవాటయ్యాక వాటి వైపు మార్చామా, అడుగు కూడా కదలవు. కాపురం లాంటిదే మరి.

బండ లాగడానికి ఒంగోలు జాతి ఎద్దులదే పేరు. ఒళ్ళు బరువు, గుండె నిబ్బరం. మా హిందూపురం, మడకశిర వైపు కర్ణాటక పక్కనే కాబట్టి హళ్ళికార్ ఎద్దులు ఎక్కువ. సన్నగా, వెనక్కి తిరిగిన కొమ్ములతో, చూపులోనే చురుకు. దొడ్డబళ్ళాపురం దగ్గర ఘాటి సుబ్రహ్మణ్య పశువుల సంతకు మా మామగారి కాలంలో ఇక్కడినుంచి ఎద్దుల బండ్లు కట్టుకుని పోయేవాళ్ళట. హళ్ళికార్‌కు దగ్గర చుట్టమైన అమృత్ మహల్ ఎద్దులతోనే హైదర్ అలీ, టిప్పు సుల్తాను ఫిరంగులు లాగించారు. అంటే యుద్ధాల్లో గెలుపు వెనకా ఎద్దుల గిట్టలున్నాయి.

ఇక మన వంటింటి పని. పందెపు ఎద్దుకు ఉలవలే ప్రాణం. రాత్రి నానబోసి, తెల్లవారుజామున మెత్తగా ఉడికించాలి. తోడుగా పత్తిగింజలు, శెనక్కాయ చెక్క, తవుడు. కడుపు నింపేందుకు శెనక్కాయ కట్టె, జొన్న సొప్ప. మొదటి రోజునుంచే ఎక్కువ గింజలు పెట్టకూడదు. కడుపుబ్బరం వచ్చి ఎద్దు పడిపోతుంది. వారం వారం కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. ఉడికిన ఉలవలు ఎద్దులకు, వంచిన కట్టు మాకు. ఆ కట్టులో చింతపండు పులుసు, ఉప్పు, దంచిన వెల్లుల్లి, జీలకర్ర వేసి, ఎండుమిరపకాయ, కరివేపాకుతో పోపు పెట్టి మరిగిస్తే రాగిసంగటిలోకి దాన్ని మించింది లేదు. ఎద్దులతోపాటు మేమూ బలిసేవాళ్ళం అని మా అమ్మ నవ్వేది.

ఆ రోజు మాత్రం అమ్మ నవ్వలేదు. నాకప్పటికి పదేళ్ళు. పక్క ఊరి జాతర. మా నేలలో వానే అపురూపం, అలాంటిది ముందురోజు రాత్రి ఉరుములతో కుండపోతగా కురిసింది. తెల్లవారి రాముడు ఉలవలు సగం తిని మూతి తిప్పేశాడు. వాడు మా ఎలపటెద్దు. దాపట లక్ష్మన్న. వెనక కుడికాలు కాస్త ఎత్తి ఆనిస్తున్నాడని అమ్మ నాయనకు చెప్పింది. "వానకు ముడుచుకున్నాడు, నీకేం తెలుసు?" అనేసి కాడి కట్టుకుని పోయాడు నాయన. నాలుగు నెలల మేత, చేసిన అప్పు, ఊళ్ళో మాట. ఆయన బాధ ఆయనది.

పొడినేల మీద బండ రాచుకుంటూ జారుతుంది. బురదలో అలా కాదు, ముందు కొస కూరుకుపోయి మట్టిని దున్నుతుంది. ఎద్దుకు కాలు ఆనేచోటు ఉండదు. మొదటి మూడు విడతలు మావాళ్ళే ముందు. నాలుగో విడతలో రాముడు ముందు మోకాళ్ళ మీద పడ్డాడు. చెర్నాకోల దెబ్బకు లేచాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ పడ్డాడు. జనం ఈలలు. మైకులో ఇంకా ఆరు నిమిషాలుందని అరుపులు.

అమ్మ కొంగు నడుముకు చుట్టుకుని తాడు దాటి లోపలికి పోయింది. చీలమండల దాకా బురద. ఆడమనిషి బరిలోకి రావడం ఆ ఊరు అంతకు ముందెప్పుడూ చూడలేదు. నాయన ఎదురుగా నిలబడి ఒకే మాట అంది: "ఏమయ్యా, కాడి ఇడుస్తావా, నన్ను ఇడుస్తావా?"

జనం గొల్లుమన్నారు. నాయన ముఖం నల్లగా అయిపోయింది. కాడి ఇడిచాడు.

చూస్తే రాముడి వెనకకాలి లాడం మేకు లోపలి మాంసంలోకి దిగి ఉంది. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కదా, గిట్టకు రెండు లెక్కన ఒక్కో ఎద్దుకు ఎనిమిది లాడాలు. ఎనిమిదింటిలో ఒక్క మేకు వంకర పోయింది. ఇంట్లో ఎద్దులున్నవాళ్ళు లాడాలు కొట్టించిన మర్నాడు ఎద్దును నాలుగడుగులు నడిపించి చూడండి. కుంటితే వెంటనే పీకించండి. సిగ్గుపడాల్సిన పని కాదు.

మా అబ్బాయికి ఈ కథంతా చెబితే వాడింకో సంగతి చెప్పాడు. అలాస్కాలో 1973 నుంచీ ఏటా ఇడిటరోడ్ అని పెద్ద కుక్కల పందెం జరుగుతోంది. ఆంకరేజ్ వైపునుంచి నోమ్ దాకా, దగ్గర దగ్గర 1,600 కిలోమీటర్ల మంచుదారి. దారిలో మజిలీలు, మజిలీల్లో పశువైద్యులు. ఏ కుక్కయినా అలిసినా, కుంటినా అక్కడ దించేసి మిగతావాటితో సాగిపోవచ్చు. చివర కనీసం ఐదు కుక్కలుంటే చాలు. అంతా విని నేను గమ్మునైపోయాను. మనకున్నవి రెండే కదా! ఒకదాన్ని దించితే పందెం పోయినట్టే. అందుకే మా నాయనకు కాలు కనబడలేదు, టైమే కనబడింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆపితే ఓడినట్టే అనే పద్ధతే అంత. ఎద్దు కుంటి ఆపేసిన జతకు అంతవరకు లాగిన అడుగులైనా లెక్కలో ఉంచి పేరు చదివితే ఏం పోతుంది? బరిలోకి దించే ముందు, దించాక కూడా పశువుల డాక్టరు కాళ్ళు చూస్తే ఏం పోతుంది?

చట్టం అసలు లేదనుకోకండి. లాగుడు పశువుల కోసం కేంద్రం 1965లోనే నియమాలు చేసింది. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించకూడదు, ములుకులున్న కర్ర వాడకూడదు. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎద్దుల బండ్ల పందేలను ఆపమంది. ఆ తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలు మార్చుకుంటే, అవి చెల్లుతాయని 2023 మే 18న అదే కోర్టు చెప్పింది. కోర్టులు ఏమన్నా, ఎద్దు ఈ పూట మేత తిన్నదా లేదా అన్నది మాత్రం జడ్జిగారికి తెలియదు, వంటింట్లో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

2019లో పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ మొదలైంది. మా పల్లెలో ఇప్పుడు ఎద్దుల జతలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. దున్నకాలన్నీ ట్రాక్టర్లతోనే. అయినా జాతరలొస్తే ఎక్కడెక్కడినుంచో లారీల్లో ఎద్దులు దిగుతాయి.

ఆ జాతర తర్వాత మా నాయన అమ్మతో పదకొండు రోజులు మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు, అంతే. పశువుల డాక్టరు వచ్చి మేకు పీకి, సూదులు వేసిపోయాడు. అమ్మ రోజూ వేపాకు ఉడికించిన నీళ్ళతో గిట్ట కడిగేది. పన్నెండో రోజు తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చి చూస్తే అమ్మ ఇంకా పడుకునే ఉంది. వసారాలో పొయ్యి ముందు నాయన గొంతుక్కూర్చుని ఉలవల కుండ కింద కట్టెలు ఎగదోస్తున్నాడు. కట్టు వంచడం చేతకాక సగం నేలపాలు చేశాడు. రాముడు మళ్ళీ పందేనికి పోలేదు. ఆపైన ఆరేళ్ళు మా చేను దున్నాడు.