పెరట్లో పందికొక్కు

తెల్లారింది. ఇల్లాలు చీపురు పట్టుకుని పెరట్లోకి వచ్చింది. చూస్తే గుండె గుభేలుమంది. గోడ వారన కొత్త మట్టి కుప్ప. పక్కనే పెద్ద కన్నం. కంద పాదు తవ్వేసి ఉంది. నిరుడు నాటిన కొబ్బరి మొక్క మొదలు కొరికేసి, ఒరిగిపోయి ఉంది.

"ఓలమ్మో! ఎవులు చేసినారే ఈ పని?" అని కేకేసింది.

పక్కింటామె గోడ మీంచి తొంగి చూసింది.

"పందికొక్కు వదినా! మొన్న మా పెరట్లో కన్నం మూసేసినాం. ఇప్పుడు మీ ఇంటికి వచ్చీసినట్టుంది" అంది.

ఆ మాటలోనే అసలు సంగతి ఉంది. ఒక ఇంటి నుంచి తరిమితే పందికొక్కు పక్కింటికి పోతుంది. నాలుగు రోజులకు మళ్లీ వస్తుంది. అందుకే ఇది ఒక్క ఇంటి పని కాదు. వీధి అంతా కలిసి చేయాల్సిన పని.

పందికొక్కు అంటే ఏమిటి?

పందికొక్కు ఎలుక జాతిదే. కానీ ఎలుక కంటే చాలా పెద్దది. బాగా ఎదిగినది కిలో బరువు ఉంటుంది. ఒక్కోటి అంతకన్నా ఎక్కువే తూగుతుంది. పందిలా నేలను తవ్వుతుంది. కోపం వస్తే గుర్రుమంటుంది.

ఇంగ్లీషువాళ్లు దీన్ని 'బాండికూట్' అంటారు. ఆ మాట ఎక్కడిదో తెలుసా? మన పందికొక్కే! మన తెలుగు మాటే వాళ్ల నోట అలా మారింది.

ఎలుక జాతికి ముందు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. అవి అరగాలంటే ఏదో ఒకటి కొరుకుతూ ఉండాలి. అందుకే కర్ర తలుపునూ వదలవు, గోనె సంచినీ వదలవు.

ఉద్దానంలో నష్టం ఎక్కువ

సముద్రం ఒడ్డున మన నేల ఇసుక నేల. తవ్వడం తేలిక. పెరట్లో కొబ్బరి డొక్కల గుట్ట ఉంటుంది. కట్టెల మోపు ఉంటుంది. అవి పందికొక్కుకు మంచి చాటు. దుంపలు, ధాన్యం, ఎండుచేపలు దానికి ఇష్టమైన తిండి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. ఉద్దానంలో లెక్కలేనన్ని కొబ్బరి చెట్లు కూలిపోయాయి. జనం మళ్లీ మొక్కలు నాటుకున్నారు. నాటు కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. అలాంటి మొక్కను పందికొక్కు ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. ఏళ్ల కష్టం మట్టిలో కలుస్తుంది.

మట్టి గోడ కింద తవ్వితే గోడ బలం తగ్గుతుంది. వానాకాలంలో కూలే ప్రమాదం ఉంది.

రోగం కూడా తెస్తుంది. ఎలుకలు, పందికొక్కుల మూత్రంలో ఒక రకం సూక్ష్మజీవి ఉంటుంది. అది తడి నేలలో, నిలవ నీటిలో కలుస్తుంది. కాలికి పుండు ఉంటే అందులోంచి ఒంట్లోకి పోతుంది. దాని వల్ల 'ఎలుక జ్వరం' వస్తుంది. జ్వరం, తలనొప్పి, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం దాని గుర్తులు. ముదిరితే కామెర్లు వస్తాయి. కిడ్నీలు దెబ్బతింటాయి. అసలే ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ. కాబట్టి జ్వరం వస్తే ఊరుకోకండి. కొట్లో నొప్పి బిళ్లలు కొని మింగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మొదట్లోనే వెళితే మందులతో నయమవుతుంది.

ఏం చేయాలి?

ముందుగా తిండి లేకుండా చేయండి. ధాన్యాన్ని మూత ఉన్న రేకు డబ్బాల్లో పోయండి. బస్తాలను నేల మీద పెట్టకండి. బల్ల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. రాత్రి ఎంగిలి మెతుకులు పెరట్లో పారబోయకండి.

తర్వాత చాటు లేకుండా చేయండి. డొక్కలు, కట్టెలు ఇంటి గోడకు దూరంగా పేర్చండి. తుప్పలు కొట్టేయండి. కొత్త కొబ్బరి మొక్క చుట్టూ ఇనుప వల కట్టండి. వల అడుగు భాగం మట్టిలోకి దిగాలి.

ఆ తర్వాత కన్నాలు చూడండి. సాయంత్రం అన్ని కన్నాలనూ మట్టితో మూయండి. పొద్దున్నే లేచి చూడండి. ఏది తెరుచుకుందో అందులో పందికొక్కు ఉన్నట్టు. ఆ కన్నం దగ్గర బోను పెట్టండి. ఎండుచేప తలో, కొబ్బరి ముక్కో ఎరగా కట్టండి. మొదటి రెండు రాత్రులు బోను తలుపు పడకుండా కట్టి ఉంచండి. పందికొక్కుకు అనుమానం పోతుంది. మూడో రాత్రి తలుపు విప్పండి.

ఖాళీ కన్నాలను ఇటుక ముక్కలు, గాజు పెంకులు దట్టించి సిమెంటుతో మూయండి.

కన్నంలో చెయ్యి మాత్రం పెట్టకండి. పందికొక్కు వదిలిన కన్నంలో నాగుపాము చేరుతుంది. చచ్చిన పందికొక్కును చేత్తో ముట్టుకోకండి. పారతో తీసి, మోకాలి లోతు గోతిలో పూడ్చండి.

గుడ్లగూబ, ముంగిస, జెర్రిపోతు మనకు సాయం చేస్తాయి. ఎలుకలను తింటాయి. జెర్రిపోతుకు విషం లేదు. దాన్ని చంపకండి.

మందు పెట్టేముందు

విషం మందు ఆఖరి ఉపాయం. పొట్లం మీద ఏముందో చదవకుండా వాడకండి. చదువు నేర్చుకున్నది ఇందుకే కదా!

పొట్లం మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అంటే మహా విషం. దానిపై పుర్రె, ఎముకల బొమ్మ ఉంటుంది. ఎరుపు తర్వాత పసుపు, ఆపైన నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా అది తినే వస్తువు కాదు.

జింక్ ఫాస్ఫైడ్ నల్లటి పొడి. దీనికి విరుగుడు లేదు. బ్రోమాడియోలోన్ అనే మందు నెమ్మదిగా పనిచేస్తుంది. దీనికి ఆసుపత్రిలో విరుగుడు ఉంది. గాలిలా వ్యాపించే విషం గుళికలను ఇంటి దగ్గర కన్నంలో వేయనే వేయకండి. ఆ గాలి కన్నంలోంచి ఇంట్లోకి వస్తుంది. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మందును మిఠాయిలో, బిస్కెట్టులో కలపకండి. పిల్లలు తింటారు. వంటింట్లో దాచకండి. కోళ్లు, మేకలు తిరిగే చోట పెట్టకండి.

పిల్లలెవరైనా పొరపాటున తింటే ఉప్పునీళ్లు తాగించకండి, కక్కించకండి. 108కు ఫోన్ చేయండి. మందు పొట్లం కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి. దాన్ని చూస్తే ఏ విషమో డాక్టరుకు తెలుస్తుంది. కొన్ని మందులు తిన్నాక ఒకటి రెండు రోజులు బాగానే ఉన్నట్టు ఉంటుంది. తర్వాత కాలేయం పాడవుతుంది. కాబట్టి బాగుంది కదా అని ఆగకండి.

అందరూ ఒక్కరోజే

ఆ సాయంత్రం ఇద్దరు వదినలూ ఇంటింటికీ వెళ్లారు. "రేపు సాయంత్రం అందరం కన్నాలు మూద్దాం" అని చెప్పారు. మర్నాడు వీధి వీధంతా మట్టి తట్టలతో కదిలింది. పందికొక్కు పక్కింటికి పోదామంటే, పక్కింట్లోనూ బోను ఉంది!

చదివారు కదా? ఇప్పుడు చెప్పండి

1. ఏ కన్నంలో పందికొక్కు ఉందో ఎలా తెలుసుకోవాలి?
2. ఎలుక జ్వరం గుర్తులు ఏమిటి?
3. మందు పొట్లం మీద ఎరుపు రంగు ఉంటే ఏమని అర్థం?
4. మీ వీధిలో ఎన్ని కన్నాలు ఉన్నాయి? లెక్కపెట్టి రాయండి.