కంటితో చదివే పద్యం

పద్యం చెవి కోసమేనని మనకు గట్టి నమ్మకం. రాగం తీసి చదివితేనే పద్యమంటాం. అక్షరాలను బొమ్మ ఆకారంలో అమర్చే బంధకవిత్వం ఆ నమ్మకానికి లొంగదు; దాన్ని కంటితోనూ చదవాలి. అష్టదళ పద్మబంధమే తీసుకోండి. నడుమ దుద్దులో ఒక అక్షరం, చుట్టూ 8 రేకుల్లో మిగిలినవి. చదివేవారు దుద్దు నుంచి రేకులోకి వెళ్లి మళ్లీ దుద్దుకే వస్తారు. రాసేది ఒక్కసారి, పలికేది పదే పదే. నాగబంధంలో పాము మెలిక తనను తాను దాటిన ప్రతిచోటా ఒకే అక్షరం రెండుసార్లు పనికొస్తుంది. గుణింతాన్నీ ఒత్తునూ కలుపుకొని ఒక్క గడిలో ఇమిడే మన అక్షరమే ఈ అల్లికకు ఆధారం.

పద్యాన్ని కంటికి అప్పగించింది మనవాళ్లే కాదు. 1641లో జపాన్‌లోని క్యోటోలో కవి ఇషికావా జోజాన్ కట్టించుకున్న షిసెన్‌దో అనే ఇంట్లో 36 మంది చైనా కవుల బొమ్మలున్నాయి. వాటిని చిత్రకారుడు కానో తన్‌యూ గీస్తే, ఆ కవుల పద్యాలను జోజాన్ తన చేతిరాతతో రాశాడు. అక్కడ పద్యం బొమ్మకు తోడుగా నిలుస్తుంది, కుంచె రాతే కనువిందు. మన బంధంలో పద్యమే బొమ్మవుతుంది. ఈ తేడాకు పనిముట్టు కూడా ఒక కారణమనిపిస్తుంది. 15వ శతాబ్దంలో ఉదయగిరి ఏలిన బసవరాజు కాలంలో నంది మల్లయ, ఘంట సింగయ చెప్పిన ప్రబోధచంద్రోదయమైనా, దూబగుంట నారాయణకవి పంచతంత్రమైనా తరాలు దాటింది తాటాకుల మీదే. తాటాకును గీసే గంటం గీతకు కుంచెలా లావూ సన్నమూ రావు. అందుకే అందాన్ని గీతలో కాక అక్షరాల అమరికలో వెతికారు.

బంధకవిత్వం ఉత్త గారడీ అనే మాట పాతదే. సంస్కృత ఆలంకారికుల్లో ఆనందవర్ధనుడు బంధాలు చేరే చిత్రకావ్యాన్ని కావ్యానుకరణ అన్నాడు, మమ్మటుడు అధమకావ్యమన్నాడు. రసధ్వనే కొలబద్దయితే వాళ్ల మాట నిజం. కానీ బంధానికి వేరే పని ఉంది. సంస్కృత కవి మాఘుడు శిశుపాలవధ 19వ సర్గలోని చక్రబంధంలో తన పేరూ కావ్యం పేరూ దాచాడు; వలయాల వెంట చదివితేనే అవి బయటపడతాయి. నకలు రాసేవారు ఒకచోట అక్షరం మార్చినా, బంధం గీసి చూస్తే అది రెండోచోటితో పొసగదు, తప్పు దొరికిపోతుంది. అంటే బొమ్మ అలంకారమే కాదు, పాఠానికి కాపలా కూడా. 17వ శతాబ్దంలో గణపవరపు వేంకటకవి ప్రబంధరాజ వేంకటేశ్వర విజయ విలాసంలో బంధాలను అంత విరివిగా అల్లింది వట్టి ఆటకే అనుకోలేం. వాటిని అచ్చువేసేటప్పుడు బొమ్మనూ పక్కనే వేయాలి. పాదాలు మాత్రమే వేస్తే రేకులు మిగులుతాయి, దుద్దు రాలిపోతుంది.